పది రెట్లు అంటారు, చేతికొచ్చేది ఇరవై శాతం: సిలికాన్ యానోడ్ అసలు లెక్క

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో ఫోన్ కొనబోతే షాపు కుర్రాడు ముందుగా చెప్పే మాటల్లో ఇప్పుడు 'సిలికాన్ కార్బన్ బ్యాటరీ' ఒకటి. ఏడు వేల ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ దాచగలదో చెప్పే కొలత) దాటిన ఫోన్లు మామూలైపోయాయి. మరోవైపు మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో బ్యాటరీ సెల్‌ల ఫ్యాక్టరీ పెట్టడానికి అమరరాజా సంస్థ 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అన్నది అప్పటి మాట. మిర్యాలగూడ వైపు వెళితే, మిల్లుల ఊకలోంచి సిలికాన్ తీసి బ్యాటరీలు చేయొచ్చట కదా అని అడిగేవాళ్లు కనిపిస్తారు.

ఈ మూడు ముచ్చట్లూ ఒకే పదార్థం చుట్టూ తిరుగుతున్నాయి. గ్రాఫైట్ కంటే పది రెట్లు ఛార్జ్ దాచుకునే సిలికాన్ ఉండగా బ్యాటరీలు పది రెట్లు ఎందుకు మెరుగుపడలేదన్నదే అందరికీ వచ్చే సందేహం. పది రెట్లన్న అంకె అబద్ధం కాదు. అది సెల్‌లోని ఒక్క భాగానికి సంబంధించిన అంకె, అంతే.

యానోడ్ అంటే ఏది, గ్రాఫైట్ అక్కడ ఏం చేస్తోంది

లిథియం అయాన్ సెల్‌లో రెండు పొడుల పూతలుంటాయి. అల్యూమినియం రేకు మీద పూసింది కాథోడ్, రాగి రేకు మీద పూసింది యానోడ్. రాగి రేకు మందం 6 నుంచి 10 మైక్రాన్లు, తల వెంట్రుకలో పదో వంతు. మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర, అంతా తడిసేలా ఎలక్ట్రోలైట్ ద్రవం. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం కాథోడ్‌ను వదిలి యానోడ్‌లోకి చేరుతుంది, వాడుతున్నప్పుడు తిరిగి వెళుతుంది. సెల్‌లో ఉన్న లిథియం మొత్తం కాథోడ్‌తో పాటు వచ్చిందే. తర్వాత బయటి నుంచి చుక్క కూడా రాదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

గ్రాఫైట్‌లో కార్బన్ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. లిథియం ఆ పొరల సందుల్లో దూరి కూర్చుంటుంది. ఆరు కార్బన్ పరమాణువులకు ఒక లిథియం. గ్రాముకు లెక్కిస్తే 372 ఎంఏహెచ్, వాస్తవంలో 350 పైచిలుకు. పొరలు కొంచెం ఎడం జరుగుతాయి కాబట్టి ఘనపరిమాణం ఓ 10 శాతం పెరుగుతుంది.

సిలికాన్ తీరు వేరు. లిథియం దానితో నేరుగా కలిసిపోయి మిశ్రమలోహం అవుతుంది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర నాలుగు సిలికాన్ పరమాణువులకు పదిహేను లిథియంలు, అంటే గ్రాముకు 3,579 ఎంఏహెచ్. కొన్నిచోట్ల 4,200 అని రాస్తారు. ఆ స్థాయి మిశ్రమం బాగా వేడి మీదే ఏర్పడుతుంది, గది వేడిలో పనిచేసే సెల్‌కు ఆ అంకె వర్తించదు. ఇంత లిథియం లోపలికి వస్తే సిలికాన్ రేణువు ఉబ్బి దాదాపు నాలుగింతలవుతుంది.

ఉబ్బిన తర్వాతి సైజుతో లెక్కేస్తే పది రెట్లు కాస్తా మూడు రెట్లకు దిగుతుంది. లీటరు చోటులో లిథియం నిండిన సిలికాన్ సుమారు 2,190 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ అవర్ అంటే 1,000 ఎంఏహెచ్), గ్రాఫైట్ 720. బరువు కంటే చోటు ముఖ్యమైన ఫోన్‌కు చూడాల్సింది ఈ రెండో అంకె.

సిలికాన్ మీద ఆసక్తి పెరగడానికి రాజకీయ కారణం కూడా ఉంది. బ్యాటరీలకు వాడే గ్రాఫైట్ శుద్ధిలో 90 శాతం పైగా చైనాలోనే జరుగుతుంది. 2023 డిసెంబరు నుంచి ఆ దేశం గ్రాఫైట్ ఎగుమతికి అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి ప్రత్యామ్నాయం వెతకడం మిగతా దేశాలకు సరఫరా సమస్యగా కూడా మారింది.

పది రెట్లు ఇరవై శాతం ఎలా అవుతుంది

ఒక ఆంపియర్ అవర్ దాచే సెల్ తీసుకుందాం. నికెల్ కాథోడ్ పొడి గ్రాముకు 200 ఎంఏహెచ్ ఇస్తే 5 గ్రాములు కావాలి. యానోడ్‌లో గ్రాఫైట్ 350 చొప్పున 2.86 గ్రాములు. రేకులు, ద్రవం, మధ్య పొర, తొడుగు అన్నీ కలిపి 4.5 గ్రాములు అనుకుందాం. మొత్తం 12.36 గ్రాములు.

ఇప్పుడు గ్రాఫైట్ తీసేసి 3,500 ఇచ్చే సిలికాన్ పెట్టండి. యానోడ్ బరువు 0.29 గ్రాములకు పడిపోతుంది. కాథోడ్ మాత్రం అదే 5 గ్రాములు, మిగతా సరుకూ అంతే. మొత్తం 9.79. బరువు పరంగా లాభం 26 శాతం. ఇక్కడితో అయిపోలేదు. సిలికాన్ యానోడ్ పనిచేసే వోల్టేజీ గ్రాఫైట్ కంటే 0.2, 0.3 వోల్టులు ఎక్కువ. కాథోడ్‌కూ యానోడ్‌కూ ఉన్న తేడానే సెల్ వోల్టేజీ కాబట్టి 3.6 వోల్టుల సెల్ 3.4కు దిగుతుంది. 26 శాతం లాభంలో కొంత అలా పోయి 19 శాతం మిగులుతుంది.

ఈ లెక్కను ఇంకో మెట్టు లాగితే ఇంకా ఆసక్తికరం. 3,500 బదులు 1,500 మాత్రమే ఇచ్చే సిలికాన్ కార్బన్ మిశ్రమం పెడితే లాభం 15 శాతం. అంటే యానోడ్ పొడి సామర్థ్యం సగానికంటే కిందికి తగ్గినా సెల్ నష్టపోయేది నాలుగు శాతమే. సామర్థ్యం వెంటపడటం మానేసి, 1,500 నుంచి 2,000 మధ్య నిలకడగా ఉండే పొడి కోసం కంపెనీలు పనిచేయడానికి కారణం ఇదే.

మార్కెట్‌లో వచ్చిన మార్పు కూడా ఈ దారిలోనే ఉంది. 2015లో టెస్లా తన మోడల్ ఎస్ ప్యాక్‌ను 85 నుంచి 90 కిలోవాట్ అవర్లకు పెంచినప్పుడు యానోడ్‌లో కొద్దిగా సిలికాన్ కలిపామని ఈలాన్ మస్క్ చెప్పారు. పెరిగింది 6 శాతం. 2023లో వచ్చిన హానర్ మ్యాజిక్ 5 ప్రో ఫోన్ బయటి దేశాల్లో 5,100 ఎంఏహెచ్‌తో, చైనాలో సిలికాన్ కార్బన్ బ్యాటరీతో 5,450 ఎంఏహెచ్‌తో అమ్ముడైంది. తేడా 7 శాతం. తర్వాతి ఫోన్లలో సిలికాన్ పాలు పెరిగింది, బ్యాటరీకి ఇచ్చే చోటూ పెరిగింది. రెండు ఫోన్లను పోల్చేటప్పుడు ఎంఏహెచ్ కంటే, శక్తిని కొలిచే వాట్ అవర్లు చూడటం మేలు. సిలికాన్ కలిసినప్పుడు వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి ఎంఏహెచ్ పెరిగినంతగా శక్తి పెరగదు.

ఉబ్బడం కంటే పెద్ద చిక్కు: ప్రతిసారీ పోయే లిథియం

నాలుగింతలు ఉబ్బి మళ్లీ ముడుచుకునే రేణువు ఎండిన చెరువు అడుగులా నెర్రెలు బారుతుంది. ముక్కలైన రేణువుకు రాగి రేకుతో కరెంటు సంబంధం తెగిపోతుంది. ఇది అందరూ చెప్పే కారణం. సెల్‌ను నెమ్మదిగా చంపేది మాత్రం దీని వెనకున్న రెండో కారణం.

యానోడ్ వోల్టేజీ చాలా తక్కువ కాబట్టి ఎలక్ట్రోలైట్ దాన్ని తాకగానే విరిగి, రేణువు మీద కొన్ని నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) పొర కడుతుంది. దీన్ని ఎస్‌ఈఐ పొర అంటారు. మంచిదే, ఒకసారి కట్టాక లోపలి పదార్థాన్ని కాపాడుతుంది. గ్రాఫైట్ మీద అది మొదటి ఛార్జింగ్‌లో కట్టి దాదాపు అలాగే నిలుస్తుంది. సిలికాన్ ఉబ్బినప్పుడల్లా ఆ పొర చిట్లుతుంది, కొత్త ఉపరితలం బయటపడుతుంది, మళ్లీ కొత్త పొర కడుతుంది. ప్రతి పొరలోనూ కొంత లిథియం శాశ్వతంగా చిక్కుకుపోతుంది, కొంత ఎలక్ట్రోలైట్ ఖర్చవుతుంది.

ఎంత పోతోందో కొలిచేది కూలంబిక్ ఎఫిషియెన్సీ. లోపలికి పంపిన ఛార్జ్‌లో ఎంత తిరిగొచ్చిందన్న శాతం అది. 99.9 శాతం అంటే బ్రహ్మాండం అనిపిస్తుంది. 500 సార్లు ఛార్జ్ చేస్తే 0.999ను 500 సార్లు హెచ్చవేయాలి, మిగిలేది 61 శాతం. 99.95 అయితే 78 శాతం, 99.98 అయితే 90 శాతం. మన్నికను తేల్చేవి ఆ చివరి దశాంశాలే. సిలికాన్ పరిశోధనలో పదిహేనేళ్ల కష్టం అంతా వాటి కోసమే.

మొదటి ఛార్జింగ్‌లో పోయేది వేరే లెక్క. గ్రాఫైట్‌లో 7 శాతం వరకు పోతుంది. సిలికాన్ ఆక్సైడ్‌లో 25 శాతం దాకా పోవచ్చు. 90 పాళ్ల గ్రాఫైట్‌లో 10 పాళ్లు సిలికాన్ ఆక్సైడ్ కలిపామనుకోండి. గ్రాము మిశ్రమం తిరిగి ఇచ్చేది గ్రాఫైట్ వాటా 315, 1,500 చొప్పున ఆక్సైడ్ వాటా 150, మొత్తం 465 ఎంఏహెచ్. ఒట్టి గ్రాఫైట్ కంటే మూడో వంతు ఎక్కువ. కానీ అది రావాలంటే మొదటిసారి సుమారు 539 ఎంఏహెచ్ లోపలికి పంపాలి. ఎఫిషియెన్సీ 93 నుంచి 86కు పడింది. ఆ తేడా మొత్తం కాథోడ్ తెచ్చిన లిథియంలోంచి పోవాల్సిందే.

ఉబ్బడాన్ని భరించే మార్గాలు, ఒక్కోదానికీ ఒక్కో ధర

రేణువును చిన్నది చేయడం మొదట తోచిన ఉపాయం. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యీ కుయ్ బృందం సిలికాన్ నానో తీగలను నేరుగా లోహపు రేకు మీద పెంచి, అవి పగలకుండా ఉబ్బుతాయని చూపింది. 2012లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గమనించి, స్ఫటిక సిలికాన్ రేణువు 150 నానోమీటర్ల కంటే చిన్నదైతే పగలదని తేల్చారు. దీనికి చెల్లించే ధర ఉపరితలం. 50 నానోమీటర్ల రేణువులకు గ్రాముకు 50 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది, బ్యాటరీ గ్రాఫైట్‌కు ఒకటి నుంచి మూడు. ఉపరితలం పెరిగిన మేరా ఎస్‌ఈఐ, దాంతో పాటు పోయే లిథియం.

సిలికాన్ ఆక్సైడ్ రెండో మార్గం. కొన్ని నానోమీటర్ల సిలికాన్ గింజలు సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) మధ్యలో ఇరుక్కుని ఉంటాయి. మొదటి ఛార్జింగ్‌లో ఆ సిలికా లిథియం సిలికేట్‌గా మారి ఉబ్బడానికి మెత్తలా అడ్డుపడుతుంది. ఆ సిలికేట్‌లోకి పోయిన లిథియం మళ్లీ రాదు. అందుకే ఫ్యాక్టరీలోనే ముందుగా లిథియం కానీ మెగ్నీషియం కానీ ఎక్కించి అమ్ముతారు.

ఇప్పుడు అందరి చూపూ ఉన్నది మూడో దాని మీద. కొన్ని నానోమీటర్ల రంధ్రాలున్న కార్బన్‌లోకి సిలేన్ వాయువు పంపి, 400 నుంచి 500 డిగ్రీల దగ్గర ఆ రంధ్రాల్లోనే సిలికాన్ పేరుకునేలా చేస్తారు. రంధ్రం పూర్తిగా నింపరు, ఉబ్బడానికి చోటు వదులుతారు. ఉబ్బేదంతా లోపలే జరిగిపోతుంది, బయటి గోడ కదలదు. అమెరికాలో గ్రూప్14 సంస్థ పొడి ఈ పద్ధతిదే. చిక్కంతా సిలేన్‌తోనే. అది గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది. దాని ధర, నిల్వ, పైపులు, భద్రత అన్నీ కలిసి పొడి ఖరీదును నిర్ణయిస్తాయి.

వీటిలో ఏది గెలుస్తుందన్న దాని మీద నిపుణులు ఒక్క మాట మీద లేరు. ఆక్సైడ్ పక్షాన మాట్లాడేవాళ్లు, అది ఏళ్ల తరబడి అమ్ముడవుతున్న సరుకు, దాని జబ్బులన్నీ తెలిసినవే అంటారు. సిలేన్ పక్షం వాళ్లు ఆక్సైడ్ మొదటి ఛార్జింగ్ నష్టం ఎప్పటికీ వదలదంటారు. మామూలు సిలికాన్‌నే మైక్రాన్ల సైజులో వాడి, పగిలినా బైండర్ (పొడిని అతికించే జిగురు) పట్టి ఉంచితే చాలనే మూడో వర్గమూ ఉంది. ధరలో వీళ్లదే పైచేయి, మన్నికలో ఇంకా వెనకే.

స్లర్రీ ట్యాంకులో నురుగు ఎందుకొస్తుంది

పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కనిపించని తంటా ఒకటుంది. గ్రాఫైట్ పూతను నీళ్లలో కలుపుతారు, ఆ చిక్కటి ద్రవమే స్లర్రీ. సుమారు 96 పాళ్ల గ్రాఫైట్, మిగతాది సీఎంసీ, ఎస్‌బీఆర్ అనే రెండు బైండర్లు, కొంచెం కార్బన్ బ్లాక్. ఇందులో సిలికాన్ చేరితే నీటితో చర్య మొదలవుతుంది. సిలికాన్ నీటిలోని ఆక్సిజన్‌ను లాక్కుని హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. పొడి కొత్తగా నూరింది అయితే ఇంకా వేగంగా, ద్రవం క్షారమైతే మరీను. మూత బిగించిన డ్రమ్ములో రాత్రంతా ఉంచితే పొద్దున మూత ఉబ్బి కనిపిస్తుంది. ఆ గదిలో గాలి ఆడకపోతే ప్రమాదం కూడా.

బుడగలతోనే పూత వేస్తే ఎండాక సూదిమొనంత రంధ్రాలు మిగులుతాయి, అడుగున రాగి మెరుస్తుంటుంది. కాథోడ్ నుంచి వచ్చిన లిథియంకు అక్కడ చోటు దొరకదు, రంధ్రం అంచున లోహంగా పేరుకుంటుంది. షార్ట్ సర్క్యూట్‌కు అదే మొదలు. అందుకే స్లర్రీని వాక్యూమ్‌లో ఉంచి బుడగలు తీస్తారు, రేణువులకు కార్బన్ పూత వేయించుకుంటారు, సిట్రిక్ ఆమ్లం లాంటిది కలిపి కొంత ఆమ్ల గుణం తెస్తారు. ముందుగా లిథియం ఎక్కించిన ఆక్సైడ్‌తో దీనికి ఎదురు కథ. లిథియం సిలికేట్ నీళ్లలోకి కరిగి క్షార గుణం పెంచుతుంది, పీహెచ్‌ను 11 దాటిస్తుంది. వాయువు పుడుతుంది, సీఎంసీ చిక్కదనం పోయి స్లర్రీ పలచబడుతుంది, బరువైన రేణువులు అడుగుకు దిగుతాయి. రోల్ మొదట్లో ఒక మందం, చివర్లో ఒక మందం.

బైండర్ ఎంపిక కూడా మారుతుంది. పాత బైండర్ పీవీడీఎఫ్ సిలికాన్‌ను పట్టి ఉంచలేదు. సీఎంసీ, పాలీ యాక్రిలిక్ ఆమ్లం సిలికాన్ పైనున్న హైడ్రాక్సిల్ గుంపులతో బంధం కడతాయి కాబట్టి రేణువు ఉబ్బినా వదలవు. పాలీ యాక్రిలిక్ ఆమ్లం పెళుసు. మందంగా పూసి తొందరగా ఎండబెడితే అంచులు ముడుచుకుని పూత బీటలిస్తుంది. 0.1 శాతం లోపు సింగిల్ వాల్ కార్బన్ నానోట్యూబ్‌లు (అతి సన్నటి కార్బన్ గొట్టాలు) కలిపితే విడిపోయిన ముక్కలకు కూడా కరెంటు అందుతుంది. సిలికాన్ పూతలు నిలబడటంలో ఈ చిటికెడు పొడి పాత్ర పెద్దది.

మిర్యాలగూడ ఊక లెక్క

వడ్ల బరువులో 20 శాతం దాకా ఊక. ఊక కాలిస్తే అందులో 20 శాతం దాకా బూడిద. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. ఊకలోని సిలికా సహజంగానే నానో రేణువుల అల్లికగా ఉంటుంది. దాన్ని చెడగొట్టకుండా సిలికాన్‌గా మార్చి యానోడ్ చేయవచ్చని 2013లో దక్షిణ కొరియాలోని కైస్ట్ పరిశోధకులు చూపించారు. సైన్స్‌లో సందేహం లేదు. మిల్లు గేటు దగ్గర నిలబడి లెక్కేద్దాం.

రోజుకు 100 టన్నుల వడ్లు ఆడే మిల్లు. 20 టన్నుల ఊక, 4 టన్నుల బూడిద, 90 శాతం చొప్పున 3.6 టన్నుల సిలికా. సిలికాలో సిలికాన్ 47 శాతం కాబట్టి గరిష్ఠంగా 1.68 టన్నులు. దిగుబడి 60 శాతం అనుకుంటే ఒక టన్ను. బాగానే ఉంది కదా. సిలికాలోని ఆక్సిజన్‌ను లాగడానికి 650 డిగ్రీల దగ్గర మెగ్నీషియం పొడి వాడతారు. 3.6 టన్నుల సిలికాకు 2.9 టన్నుల మెగ్నీషియం కావాలి. మిగిలే 4.8 టన్నుల మెగ్నీషియం ఆక్సైడ్‌ను కడగడానికి 33 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 26 టన్నులు. ఒక టన్ను సిలికాన్ కోసం దాదాపు మూడు టన్నుల లోహం, రెండు ట్యాంకర్ల ఆమ్లం, ఆపైన ఉప్పు నీళ్లు ఎక్కడ పోయాలన్న తలనొప్పి.

పనిలో వచ్చే చిక్కులు వేరే. ఈ చర్య విపరీతమైన వేడి పుట్టిస్తుంది. అదుపు తప్పితే సిలికాన్ కరిగి నానో అల్లిక ముద్దవుతుంది, అందుకే ఉప్పు కలిపి ఆ వేడిని పీల్చుకునేలా చేస్తారు. మెగ్నీషియం ఎక్కువైతే మెగ్నీషియం సిలిసైడ్ ఏర్పడుతుంది. ఆమ్లం పోయగానే అది సిలేన్ వదులుతుంది, గిన్నెలో టపటప మంటలు లేస్తాయి. ఇక మిల్లు బాయిలర్ బూడిద దీనికి నేరుగా పనికిరాదు. ఊకలోని పొటాషియం వల్ల ఎక్కువ మంటలో సిలికా స్ఫటికంగా మారుతుంది, కాలని కార్బన్ మిగిలి బూడిద నల్లగా ఉంటుంది. ముందు ఊకను ఆమ్లంలో కడిగి, 600 నుంచి 700 డిగ్రీల మధ్య నిదానంగా కాల్చాలి. బాయిలర్ అందుకోసం పెట్టింది కాదు.

దీనితో పోటీ పడేది పలుగురాయి. పాలమూరు ప్రాంతంలో దానికి కొదవలేదు. పలుగురాయిని బొగ్గుతో కలిపి ఆర్క్ కొలిమిలో కరిగిస్తే 98, 99 శాతం సిలికాన్ వస్తుంది. కిలోకు 11 నుంచి 13 యూనిట్ల కరెంటు. యూనిట్ 7 రూపాయలనుకుంటే కరెంటుకే 77 నుంచి 91 రూపాయలు. ఖర్చులో ఇంత ముందున్నా, ఆ సిలికాన్‌ను నానో సైజుకు నూరడం మళ్లీ ఖరీదైన పనే. ఊక పద్ధతికి వాదన మిగిలేది అక్కడే. (పలుగురాయి క్రషర్ల దుమ్ము ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెస్తుందన్న సంగతి ఈ ధరల పట్టికలో ఎక్కడా కనిపించదు.)

ల్యాబ్ గ్రాఫులో కనపడనివి

'1,000 సార్లకు 90 శాతం నిలిచింది' అని వార్త వస్తే మూడు సంగతులు చూడాలి. మొదటిది, ఎదురుగా ఏం పెట్టారు. చాలా ప్రయోగాల్లో నాణెమంత సెల్‌లో యానోడ్‌కు ఎదురుగా లిథియం రేకు పెడతారు. ఆ రేకులో లిథియం అవసరానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ప్రతిసారీ కొంత పోతున్నా రేకు పూడ్చేస్తుంది, గ్రాఫు చదునుగా సాగుతుంది. అదే యానోడ్‌ను అసలు కాథోడ్‌తో జతచేస్తే వందసార్లకే కూలొచ్చు.

రెండోది, చదరపు సెంటీమీటరుకు ఎంత పూశారు. పలచటి పూతలో ఏదైనా బాగానే పనిచేస్తుంది. అమ్మే సెల్‌లో 3 నుంచి 4 ఎంఏహెచ్ ఉండాలి. మూడోది, సామర్థ్యం గ్రాము దేనికి లెక్కించారు. ఒట్టి సిలికాన్‌కా, కార్బన్, బైండర్ కలిసిన మొత్తం పూతకా? పూతలో సిలికాన్ 60 శాతమే అయితే 3,000 అన్నది 1,800 అవుతుంది.

ఎండాకాలం, దివిటిపల్లి, ఎల్‌ఎఫ్‌పీ

ఎన్నిసార్లు ఛార్జ్ చేశామన్నదే వయసు కాదు. సెల్ ఊరికే పడున్నా ముసలిదవుతుంది. సిలికాన్ మీది పొర గ్రాఫైట్ మీది పొరంత స్థిరం కాదు కాబట్టి ఇది సిలికాన్‌కు పెద్ద బలహీనత. పొర గట్టిపడేందుకు ఎలక్ట్రోలైట్‌లో ఎఫ్‌ఈసీ అనే ద్రవం 5 నుంచి 10 శాతం కలుపుతారు. పొర చిట్లిన ప్రతిసారీ అది ఖర్చవుతుంది. ఉన్నంతకాలం సెల్ చక్కగా నడుస్తుంది, అయిపోయాక కొన్ని పదుల ఛార్జింగ్‌లలోనే సామర్థ్యం నిలువునా పడిపోతుంది. పైగా వేడికి ఎఫ్‌ఈసీ విడిపోయి వాయువు, ఆమ్లం పుట్టిస్తుంది. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీల దగ్గర ఎండలో నిలబెట్టిన బండికి ఇది పుస్తకంలో సమస్య కాదు.

చివరగా కాథోడ్ జత. దివిటిపల్లిలోనే ఆల్ట్‌మిన్ సంస్థ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) కాథోడ్ పొడి ఫ్యాక్టరీ తలపెట్టింది. ఆటోలకు, స్కూటర్లకు, సోలార్ నిల్వకు ఎల్‌ఎఫ్‌పీ చవక, భద్రం. దీనికి సిలికాన్ జతచేస్తే ఏమవుతుందో పైన వేసిన లెక్కతోనే చూడొచ్చు. కాథోడ్ గ్రాముకు 155 ఎంఏహెచ్ అనుకుంటే 6.45 గ్రాములు కావాలి. 1,500 ఇచ్చే సిలికాన్ మిశ్రమంతో బరువు 13.81 నుంచి 11.62కు తగ్గుతుంది. వోల్టేజీ 3.2 నుంచి 3.0కు దిగుతుంది. లాభం 11 శాతం. నికెల్ కాథోడ్‌తో వచ్చిన 15 కంటే తక్కువ.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నికెల్ కాథోడ్ మొదటి ఛార్జింగ్‌లో బయటికి వదిలిన లిథియంలో సుమారు పదో వంతును తిరిగి తీసుకోలేదు. గ్రాఫైట్ మింగే 7 శాతం ఆ మిగులులోంచే సర్దుబాటు అవుతుంది. ఎల్‌ఎఫ్‌పీ తను ఇచ్చిన లిథియంను దాదాపు మొత్తం వెనక్కి తీసుకోగలదు, మిగులంటూ ఉండదు. సిలికాన్ మొదటి ఛార్జింగ్‌లో మింగే ప్రతి శాతం నేరుగా సెల్ సామర్థ్యంలోంచే పోతుంది. 86 శాతం ఎఫిషియెన్సీ ఉన్న యానోడ్ పెడితే, గ్రాఫైట్‌తో పోయే 7 శాతానికి బదులు 14 శాతం పోయి, వచ్చిన 11 శాతం లాభంలో చాలా భాగం తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి ఎల్‌ఎఫ్‌పీ లైన్‌లోకి సిలికాన్ రావాలంటే ముందుగా లిథియం ఎక్కించే యూనిట్ కూడా దానితో పాటే రావాలి. స్లర్రీ ట్యాంకులో పీహెచ్ 11 దాటే తంటా దానితోనే మొదలవుతుంది.